ఉమ్మడి చేనుకు వేరే పాస్‌బుక్కా?

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ దేవరకొండ నుంచి. చెప్పండి, మేడమ్ లైన్‌లోనే ఉన్నారు.

శ్రోత: నమస్తే మేడమ్. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, శని ఆదివారాలు ఊరికొస్తాను. మాకు బత్తాయి తోట ఉంది. కాంటా బరువులోంచి తరుగు తీసేసి, రసీదు తెలుగులో వచ్చేటట్టు ఒక ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల, బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను మార్చాను. ఆ మార్పులు దాన్ని తయారుచేసినవాళ్లకే పంపుదామని. ఇతరులు వాడుకునే షరతులకు ఎంఐటీ లైసెన్స్ పెట్టాలా, జీపీఎల్ పెట్టాలా అని వారం నుంచి ఒకటే టెన్షన్.

నిపుణురాలు: ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో లైసెన్స్ అని ఒక ఫైల్ ఉంటుంది. చూశారా?

శ్రోత: ఉంది మేడమ్. చాంతాడంత ఉందని చదవలేదు.

నిపుణురాలు: పై రెండు లైన్లు చదవండి.

శ్రోత: ఒక్క నిమిషం... జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్స్. వర్షన్ 3, 29 జూన్ 2007.

నిపుణురాలు: అదే జీపీఎల్. మార్చి పంచేవాళ్లు ఆ మార్పుల్నీ అదే లైసెన్స్ కింద, కోడ్‌తో సహా ఇవ్వాలంటుంది. ఇంకేముంది, మీరు ఎంచుకోవడానికేం లేదు. మీ మార్పులూ దాని కిందే పోతాయి. ఉమ్మడి చేనులో గట్టేసి ఆ ముక్కకు వేరే పాస్‌బుక్ అడిగితే ఎట్లా?

శ్రోత: అంటే కోడ్ ఇక నాది కాదా?

నిపుణురాలు: మీదే. రాసిచ్చేస్తే తప్ప కాపీరైట్ ఎక్కడికీ పోదు. కొన్ని ప్రాజెక్టులు, పంపే కోడ్ మీద తమకు ఏ హక్కులిస్తున్నారో రాసుండే సీఎల్ఏ అనే ఒప్పందం అడుగుతాయి, దాన్ని చదవకుండా ఓకే నొక్కకండి. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ రాసేవాళ్లయితే 2004 నుంచి 'సైన్డ్ ఆఫ్ బై' అని పేరు రాయించుకుంటున్నారు. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మాటివ్వడం అన్నమాట. సరే, తరుగు లెక్క మొత్తం మీరే రాశారా?

శ్రోత: అవును, వేరే ఫైల్. నలభై లైన్లు.

నిపుణురాలు: అది విడిగా ఎంఐటీ కింద కూడా పెట్టుకోవచ్చు, మీ సొంతం కాబట్టి. కానీ రేపు ఎవరో దాన్ని తమ యాప్‌లో కలిపి అమ్ముకుని, కోడ్ చూపించకపోయినా మీరు అడగలేరు. మీ పేరున్న కాపీరైట్ నోటీసు, ఆ లైసెన్స్ రాత ఉంచితే చాలు వాళ్లకు. దానికి మనసొప్పితేనే పెట్టండి. ఇంతకీ, ఏ లాప్‌టాప్‌లో రాశారు?

శ్రోత: (నవ్వుతూ) ఆఫీసుదే మేడమ్.

నిపుణురాలు: అసలు చిక్కు అక్కడుంది. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చూడండి. ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే. బత్తాయి తరుగు మీ ఆఫీసు పని కాదు, నిజమే. కానీ ఉద్యోగంలో ఉండగా ఏం రాసినా మాదే అని ఆఫర్ లెటర్‌లోనే రాసుకునే కంపెనీలు ఉన్నాయి. అట్లా ఉంటే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే కోడ్ పంపండి. మేనేజర్ క్యాంటీన్‌లో సరే అన్నాడంటే కుదరదు.

శ్రోత: ఆఫర్ లెటర్ ఇక్కడే బీరువాలో ఉండాలి మేడమ్. అమ్మా, తాళాలు ఎక్కడున్నయే?

వ్యాఖ్యాత: వెతుక్కోండి. అచ్చంపేట నుంచి ఇంకో కాల్ ఉంది, నమస్తే, చెప్పండి...