లీటరు ధర, కిలోమీటరు ధర

శ్రోతలకు నమస్కారం.

పెట్రోలు బంకులో బండి ఆపగానే మీటరు సున్నా మీద ఉందో లేదో చూసుకుంటాం, లీటరు ధర చూసుకుంటాం. కానీ ఆ లీటరులో 200 మిల్లీలీటర్ల దాకా ఇథనాలే ఉంటోందన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. చెరకు మడ్డి నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి తీసిన ఇథనాలును 20 శాతం కలిపిన ఇంధనమే 2025 నాటికి దేశంలో మామూలు పెట్రోలుగా మారింది.

లీటరు ఇథనాలులో ఉండే శక్తి, లీటరు పెట్రోలులోని శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులే. ఈ మిశ్రమానికి తగినట్లు తయారుకాని పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది.

ఇంటింటికీ సరుకులు చేరవేస్తూ నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే కుర్రవాడి లెక్క చూడండి. లీటరుకు 50 కిలోమీటర్లు వచ్చే బండికి నెలకు 30 లీటర్లు చాలు. అది 48కి పడిపోతే 31 లీటర్ల పైన మరో పావు లీటరు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు అదనంగా పడే భారం సుమారు 134 రూపాయలు, అంటే ఏడాదికి 1,600. రోజు కూలి మీద బతికేవాడికి అది చిన్న మొత్తం కాదు.

బ్రెజిల్‌లో ఇథనాలును, పెట్రోలును ఒకే బంకులో వేర్వేరుగా అమ్ముతారు. ఇథనాలు ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే గిట్టుబాటు అని అక్కడి వాహనదారులు లెక్క కట్టుకుని మరీ పోయించుకుంటారు. మనకు ఆ ఎంపిక లేదు.

మిశ్రమ ఇంధనం ధర మామూలు పెట్రోలు కన్నా తక్కువగా ఉండాలని అదే నివేదిక సూచించింది. అయితే మొక్కజొన్న ఇథనాలు సేకరణ ధర 2021–22లో 52 రూపాయల 92 పైసలుండగా, 2024–25 నాటికి 71 రూపాయల 86 పైసలకు చేరింది. ఇథనాలు ఇప్పుడు చవక కాదన్నది పెట్రోలియం శాఖ సమాధానం. రైతుకు గిట్టుబాటు ధర రావడం, చమురు దిగుమతులు తగ్గడం నేను మనసారా కోరుకునేవే. కానీ ఆ మేలు దేశమంతటికీ దక్కుతున్నప్పుడు, దాని ఖర్చును పాత బండి నడిపేవాడి జేబు నుంచే రాబట్టడం న్యాయం కాదు. తగ్గిన మైలేజీకి సరిపడా పన్ను తగ్గించాలి, ధర రాసే బోర్డు మీదనే ఇథనాలు శాతాన్ని కూడా అందరికీ కనిపించేలా తెలుగులో రాయించాలి.