రాయచూరా, పాలమూరా? బెంగళూరు, హైదరాబాద్ పక్కన పెట్టి మాట్లాడుకుందాం

[కృష్ణా నది ఒడ్డు. అవతల థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు కనిపిస్తుంటాయి.]

నమస్తే అన్నలూ, అక్కలూ. నేను నిలబడిన నేల నారాయణపేట జిల్లా. నది అవతల కనిపిస్తున్న పొగ గొట్టాలు శక్తినగర్ థర్మల్ కరెంటు కేంద్రానివి, అది రాయచూరు జిల్లా. ఇటు తెలంగాణ, అటు కర్ణాటక. మధ్యలో కృష్ణమ్మ ఒక్కతే.

"కర్ణాటకలో బతుకు బాగుంటుందా, తెలంగాణలో బాగుంటుందా?" అని ఎవరు మొదలుపెట్టినా రెండో మాటకే బెంగళూరు ట్రాఫిక్, హైదరాబాద్ మెట్రో వచ్చేస్తాయి. అక్కడి అద్దెలు, ఇక్కడి బిర్యానీ. ఇది విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. రెండు నగరాల సంగతి చెప్పి రెండు రాష్ట్రాల సంగతి తేల్చేశామంటే ఎట్లా? మక్తల్‌లో ఉన్నోళ్ళది బతుకు కాదా? రాయచూరులో ఉన్నోళ్ళది కాదా?

రాష్ట్రం మారితే మనిషికి నిజంగా ఏం మారుతుందో తెలియాలంటే, మిగతావన్నీ ఒకేలా ఉన్న రెండు చోట్లు చూడాలి. అదే ఎండ, అదే వాన, అదే జొన్న రొట్టె. అట్లాంటి చోటే ఇది. పాళ్ళు పంచుకున్న అన్నదమ్ముల ఇల్లు అనుకోండి.

[పాత మ్యాప్ తెర మీద]

1956 నవంబర్ 1. హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల లెక్కన పంచిన రోజు. రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది. మహబూబ్‌నగర్, అంటే మన పాలమూరు, ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. అప్పటిదాకా గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లావి. కొడంగల్ గుల్బర్గా జిల్లాది. ఆ మూడూ మన మహబూబ్‌నగర్‌లో కలిశాయి. అలంపూర్‌లోని జోగులాంబ గుడి ఒకప్పుడు రాయచూరు జిల్లాలో ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నేలను మనం నడిగడ్డ అంటాం. చరిత్ర పుస్తకాల్లో రాయచూరు దోఆబ్ అని రాస్తారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూర్ సుల్తానుతో కొట్లాడింది ఈ దోఆబ్ కోసమే. ఒకే గడ్డ, పంపకాల తర్వాత రెండు రాష్ట్రాలైంది.

ఇంటికి అడ్డంగా గోడ పడింది, సరే. గోడకు రెండు పక్కలా అవే దూలాలు, అదే గచ్చు. రాయచూరు బజారులో తెలుగులో బేరం ఆడొచ్చు. నారాయణపేటలో కన్నడ, మరాఠీ, ఉర్దూ అన్నీ వినిపిస్తాయి. పని దొరక్క ఊరు విడిచిపోతే మనం వలస అంటాం, వాళ్ళు గుళే అంటారు. మాట వేరు, బాధ ఒక్కటే.

మరి ఏం మారింది? వాకిలి మారింది. దీన్ని కాస్త నిదానంగా చెప్పనివ్వండి, అసలు సంగతి ఇదే.

పంపకాల్లో ఒక తమ్ముడి వాకిలి హైదరాబాద్ వైపు పెట్టారు, ఇంకో తమ్ముడి వాకిలి బెంగళూరు వైపు. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. పొద్దున పోయి పని చూసుకుని రాత్రికి ఇంట్లో అన్నం తినొచ్చు. రాయచూరు నుంచి బెంగళూరు 400 కిలోమీటర్ల పైనే. అదే రాయచూరు నుంచి హైదరాబాద్ అందులో దాదాపు సగమే. అందుకే పెద్ద జబ్బు చేస్తే రాయచూరు వాళ్ళు చాలామంది హైదరాబాద్ బండి ఎక్కుతారు, అంటే మన వాకిట్లోంచి పోతారు. సర్కారు ఆఫీసు పనికి మాత్రం వాళ్ళ వాకిట్లోంచే పోవాలి, రాత్రంతా ప్రయాణం చేసి. వెనకబడిన జిల్లా గోడు రాజధానికి వినపడటానికి ఎన్నేళ్ళు పడుతుందో పాలమూరు వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాబట్టి రాయచూరు వాళ్ళ కోపం నాకు బాగా అర్థమవుతుంది.

ఆ కోపానికి జవాబుగానే 2012లో పార్లమెంటు రాజ్యాంగంలో 371-జె చేర్చింది. రాయచూరు, బీదర్, కలబురగి లాంటి జిల్లాల వాళ్ళకు చదువులో, కొలువుల్లో స్థానిక రిజర్వేషన్ ఇచ్చింది. మన దగ్గర అట్లాంటిదే 371-డి ఉంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7వ తరగతి లోపు కనీసం 4 ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. సరిహద్దు ఊళ్ళ తల్లిదండ్రులు దయచేసి ఇది చెవిన వేసుకోండి. బడి దగ్గరని పిల్లను నది దాటించి చదివిస్తే, రేపు ఆమె తెలంగాణ కొలువుకు అప్లై చేసినప్పుడు స్థానికురాలు కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఇంటి గోడ కనపడుతుంది, ఈ గోడ కనపడదు. పరీక్ష ఫారం నింపే రోజు దాకా తెలియదు.

బస్సు సంగతి చూడండి. కర్ణాటకలో ఆడవాళ్ళకు శక్తి పథకం 2023 జూన్‌లో మొదలైంది, మన మహాలక్ష్మి అదే ఏడాది డిసెంబర్‌లో. రెండు పక్కలా ఉచితమే. కానీ మక్తల్ అక్క రాయచూరులో ఉన్న చెల్లెలి ఇంటికి పోవాలంటే మన బస్సులో జీరో టికెట్ సరిహద్దు వరకే. నది దాటితే డబ్బులు కట్టాలి. అటువైపు ఉచితం కావాలంటే కర్ణాటక చిరునామా చూపించాలి. ఇద్దరు తమ్ముళ్ళూ ఇంట్లో అన్నం పెడుతున్నారు గానీ, గోడ దాటి వచ్చిన అక్కకు ఎవరూ వడ్డించడం లేదు. ఇది సరిచేయడం రెండు సర్కార్లకూ పెద్ద కష్టం కాదని నా గట్టి నమ్మకం.

వ్యవసాయం ఉన్నోళ్ళకైతే నా మాట సూటిగా చెప్తాను: ఇటువైపే నయం. 2018 జనవరి 1 నుంచి బోరు మోటార్లకు 24 గంటల ఉచిత కరెంటు. అటు కూడా 10 హెచ్‌పీ దాకా ఉచితమే, కానీ గంటలు లెక్కపెట్టి ఇస్తారు. సన్న వడ్లకు మన దగ్గర క్వింటాలుకు 500 రూపాయల బోనస్ పెట్టాక, అటు వడ్లు ఇటు రాకుండా కోతల కాలంలో చెక్‌పోస్టులు పెడుతున్నారు. పత్తి మాత్రం మన రైతులే రాయచూరు మార్కెట్‌కు తోలుతారు, అది పాత పెద్ద మార్కెట్. పెట్రోలు కూడా అటే చవక, మన దగ్గర వ్యాట్ ఎక్కువ.

టైం అయిపోతోంది, చూడటానికి ఏమున్నాయో గబగబా చెప్పేస్తాను.

ముందు ముడుమాల్. ఇదే కృష్ణా మండలంలో, నది పక్కనే. వేల ఏళ్ళ కిందట మనుషులు నిలబెట్టిన నిలువురాళ్ళు, మనిషికి రెండింతల ఎత్తువి కూడా ఉన్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. హంపికి పోయేవాళ్ళు చాలామంది ఇక్కడ ఆగరు. నాకు నిజంగా బాధ.

అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులు కట్టినవి. కర్ణాటకలోని పట్టదకల్లు గుళ్ళు కట్టిందీ వాళ్ళే. ఇది చూసి అది చూడకపోతే సగం కథే. రాయచూరు కోట, అక్కడి నుంచి మస్కి. 1915లో అశోకుడి పేరు స్పష్టంగా ఉన్న శాసనం దొరికింది అక్కడే. ఆ తర్వాత సింధనూరు, గంగావతి మీదుగా హంపి. ఆకలైతే ఇటు గుత్తి వంకాయతో రొట్టె, అటు మండక్కి (బొరుగులు), మిర్చి బజ్జి. ఏది బాగుందని నన్ను అడగొద్దు, రెండూ తినండి.

ఎట్లా పోవాలి? 2023 అక్టోబర్ 1న జక్లేర్ నుంచి కృష్ణా దాకా 37 కిలోమీటర్ల కొత్త రైలు లైను మొదలైంది. దాంతో కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, దేవరకద్ర, మక్తల్ మీదుగా రాయచూరుకు రైలు నడుస్తోంది. 1997లో మంజూరైన లైనులో ఈ ముక్కకే పాతికేళ్ళు పట్టింది. గోడకు ఇన్నాళ్ళకు ఒక తలుపు పెట్టారు. కృష్ణా స్టేషన్ దాటాక కిటికీ పక్కన కూర్చోండి, వంతెన వస్తుంది. నది సగం దాటేసరికి మీ ఫోన్‌కు కర్ణాటకకు స్వాగతం అని మెసేజ్ వస్తుంది. అప్పుడు కిందికి చూడండి, నీళ్ళలో గీత ఏదైనా కనపడితే నాకు చెప్పండి.