వీపు మీద మొటిమల మచ్చలు, నల్లగా పొడిబారిన ఒళ్లు: మెడికల్ షాపులో ఏది కొనాలి, ఏది వద్దు

హాయ్ అండి, అందరూ బాగున్నారా? ఈ రోజు నా ముందు నాలుగు ఐటమ్స్ ఉన్నాయి. యూరియా, లాక్టిక్ యాసిడ్ కలిసిన క్రీమ్ ఒకటి. సాలిసిలిక్ యాసిడ్ బాడీ వాష్ ఒకటి. బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ ఒకటి. నాలుగోది ఇదిగో, ఈ చిన్న ట్యూబ్. దీని సంగతి చివర్లో చెప్తాను, ముందే మొదలుపెడితే వీడియో అంతా దీని మీద తిట్లతోనే సరిపోతుంది.

బ్రాండ్ పేర్లు చెప్పడం లేదు. ఎవరూ డబ్బులివ్వలేదు, అన్నీ కొన్నవే. మీరు షాపుకి వెళ్లినప్పుడు కూడా అట్ట ముందువైపు మెరుపులు వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఏ మందు ఎంత శాతం ఉందో చూడండి.

కొనే ముందు ఒక పని చేయండి. మచ్చ ఉన్న చోట వేలితో తడిమి చూడండి. నున్నగా ఉండి రంగు మాత్రమే తేడాగా ఉంటే అది మచ్చే. మొటిమ వాచినప్పుడు ఆ చోట చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ తయారవుతుంది, మొటిమ పోయినా ఆ రంగు ఉండిపోతుంది. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటి మీద ఇది ఇంకా ఎక్కువ. నెలల తరబడి ఉంటుంది, లోతుగా దిగితే ఏడాది దాటినా ఉంటుంది, కానీ తగ్గుతుంది. వేలికి గుంట తగిలితే మాత్రం అది ఏ క్రీముతోనూ నిండదు. ఛాతీ మీద, భుజాల మీద గట్టిగా ఉబ్బి దురద పెడుతుంటే కెలాయిడ్, అంటే అతిగా పెరిగిన మచ్చ కావచ్చు. దాన్ని గిల్లకండి, రుద్దకండి, స్కిన్ డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు యూరియా క్రీమ్. గోటితో కాలి మీద గీస్తే తెల్లగా చార పడుతుందా? అయితే మీకు మొదట కావాల్సింది ఇదే. చాలామంది ఒళ్లు నల్లబడింది అనుకునేది సగం పొడితనమే. పైన ఎండిపోయిన పొర పేరుకుంటే చర్మం బూడిద రంగులో, మసకగా కనిపిస్తుంది. యూరియా, లాక్టిక్ యాసిడ్ రెండూ మన చర్మంలో సహజంగా ఉండేవే, నీటిని పట్టి ఉంచుతాయి. యూరియా 10 శాతం దగ్గర ఉంటే ఒంటికి బాగుంటుంది. 20, 40 శాతం ఉన్నవి గట్టిపడిన మడమలకి, వాటిని తెచ్చి చేతులకి రాయకండి. చేతుల పైభాగంలో ఈకలు పీకిన కోడి తోలులా గరుకు గుల్లలు ఉన్నవాళ్లకి కూడా ఈ క్రీమ్ పనికొస్తుంది. పూర్తిగా పోవు, గరుకు తగ్గుతుంది.

రాయాల్సిన టైమ్ ముఖ్యం. స్నానం అయ్యాక టవల్‌తో అద్దుకుని, ఒంటి మీద ఇంకా తడి ఉండగానే రాయాలి. మధ్యాహ్నం గుర్తొచ్చి రాస్తే సగం ఫలితమే. దీనిలో మైనస్ ఏంటంటే షేవింగ్ చేసిన చోట, పగుళ్లలో చుర్రుమంటుంది. మే నెలలో విజయవాడలో అయితే జిగట భరించలేం, అప్పుడు రాత్రికి మాత్రమే పెట్టుకోండి. అంత బడ్జెట్ లేకపోతే ఒంటికి తెల్ల పెట్రోలియం జెల్లీ కూడా మంచిదే, మొటిమలొచ్చే వీపుకి మాత్రం వద్దు.

సాలిసిలిక్ బాడీ వాష్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 2 శాతం ఉన్నది తీసుకోండి, రంధ్రాల్లో పేరుకున్నదాన్ని వదులు చేస్తుంది. రాసి వెంటనే కడిగేస్తే డబ్బులు డ్రైనేజీలో పోసినట్టే, రెండు నిమిషాలు ఉంచండి. ఒళ్లు బాగా పొడిగా ఉన్నవాళ్లు వీపుకే వాడండి, కాళ్లకి వద్దు.

వీపు మీద ఎర్రగా, చీముతో మొటిమలు ఇంకా వస్తున్నాయంటే మాత్రం నా ఓటు బెంజాయిల్ పెరాక్సైడ్‌కే. కొత్తవి ఆగకపోతే పాత మచ్చలు పోయేదెప్పుడు? 2.5 శాతం చాలు. 10 శాతం కొంటే మంట పెరుగుతుంది, ఫలితం పెద్దగా పెరగదు. వీపుకి రాసి కాసేపు ఉంచి కడిగేయొచ్చు. ఇది బట్టల రంగు తినేస్తుంది. పెళ్లికి పెట్టిన మెరూన్ టవల్ వాడారంటే ఇంట్లో అత్తగారితో మీరే మాట్లాడుకోండి. తెల్ల టవల్, పాత బనియన్ బెస్ట్.

అన్నీ ఒకే సైజులో చిన్న చిన్న గుల్లలుగా వచ్చి, చెమట పడితే దురద పెడుతుంటే అది మొటిమ కాకపోవచ్చు, ఫంగస్ కావచ్చు. దానికి మందు వేరు, యాంటీబయాటిక్ వేస్తే ఇంకా పెరగొచ్చు. తలకి నూనె పెట్టుకుని జడ వేసుకుని పడుకునేవాళ్లు వీపు పైభాగం కూడా ఒకసారి చూసుకోండి. తలస్నానం ముందు చేసి, వీపు చివర్లో కడగండి.

అసలు ఒంటి నలుపుకి మన ఇళ్లలో పెద్ద కారణం నైలాన్ పీచు. నల్లగా ఉందని రుద్దుతాం. రుద్దేకొద్దీ ఆ రాపిడికే నల్లబడుతుంది. ముఖ్యంగా మెడ కింద ఎముకల మీద, వీపు పైన, మోచేతుల దగ్గర అలలు అలలుగా మురికి రంగు పడుతుంది. మురికి కాదు కాబట్టి పోదు, పోలేదని ఇంకా గట్టిగా రుద్దుతాం. సున్నిపిండితో నాకు గొడవ లేదు, మెత్తగా పెడితే హాయిగా ఉంటుంది. ఒళ్లు ఎర్రబడేలా నలిపితేనే తప్పు. నిమ్మచెక్క మాత్రం వద్దండి. నిమ్మరసం ఉన్న చోట ఎండ తగిలితే చర్మం కాలి కొత్త మచ్చలు పడతాయి.

మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా, ముఖమల్ బట్టలా మారితే దానికి ఈ టేబుల్ మీద ఏదీ పనికిరాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే అలా వస్తుంది. షుగర్ టెస్ట్ చేయించుకోండి. పిల్లల మెడ అలా ఉంటే "స్నానం సరిగ్గా చేయవు" అని తిట్టకండి.

ఇక పాత మచ్చలకి అజెలాయిక్ యాసిడ్ మంచిది, గర్భిణులు కూడా డాక్టర్‌ని అడిగి వాడొచ్చు. అడాపలీన్ జెల్ కూడా పనిచేస్తుంది, గర్భం ఉన్నా, ప్లాన్ చేస్తున్నా దాన్ని ముట్టుకోకండి. రెండింటికీ నెలలు పడుతుంది. చేతులు, మెడ ఎండకి తగిలితే సన్‌స్క్రీన్ రాయాలి. బట్ట కప్పిన వీపుకి అక్కర్లేదు.

ఇప్పుడు ఈ ట్యూబ్. లోపల హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్. "పెళ్లికి నెల ఉంది, ఒళ్లు తెల్లబడాలి" అనగానే షాపులో ఇచ్చేది ఇలాంటిదే. మూడోది స్టెరాయిడ్. మొదట్లో నిగనిగలాడతారు, అందుకే పక్కింటావిడ కూడా కొంటుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, ఉన్న మొటిమలు రెట్టింపవుతాయి. చంకల్లో, తొడల్లో రాస్తే చారలు పడతాయి, అవి పోవు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితా కిందకి తెచ్చింది. అయినా అడిగితే ఇస్తున్నారు. డాక్టర్ మంగు మచ్చలకి కొన్ని వారాలు రాయమంటే అది వేరు. మీ అంతట మీరు ఒంటికంతా పూయడం వేరు. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఈ మూడు స్టెరాయిడ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి.

ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నారా? టెన్షన్ పడి ఈ రాత్రికే పారేయకండి. ఒక్కసారిగా ఆపితే మంట, ఎరుపు, మొటిమలు ఒక్క దెబ్బకి పైకొస్తాయి. భయపడి మళ్లీ అదే రాస్తారు. ఆ ట్యూబ్ చేతిలో పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎన్నాళ్లుగా ఎక్కడెక్కడ రాశారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు.