"బేస్ బాగా కొడతాదా అన్నా?"

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ సెల్‌ఫోన్ల అంగట్లోనైనా కాసేపు నిలబడి చూడండి. హెడ్‌ఫోన్ కోసం వచ్చిన కుర్రాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "బేస్ బాగా కొడతాదా అన్నా?" అంగడాయన కూడా తక్కువవాడేం కాదు. దబదబలాడే పాట ఒకటి ఫోన్లో సిద్ధంగా పెట్టుకుని ఉంటాడు. చెవులకు తగిలించగానే కుర్రాడి తల ఊగుతుంది, బేరం కుదురుతుంది. రెండు మూడు వేల వస్తువుకైతే అంతకన్నా ఆలోచన అక్కర్లేదు. కానీ పాతిక వేలో, ముప్పై వేలో, ఆపైనో పెట్టేవాళ్లు, అందులోనూ టెక్నో, హౌస్, ఆంబియెంట్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతం కోసమే కొనేవాళ్లు ఆ ప్రశ్నను మార్చి అడగాలి. బేస్, అంటే పాట అడుగున మోగే బరువైన మోత, ఎంత లోతుకు దిగుతుంది? దిగింది ఎంత తొందరగా ఆగుతుంది?

ముందు లోతు సంగతి. మీలో చాలామంది ఈ ప్రసంగాన్ని చిన్న రేడియోలోనో, ఫోన్ స్పీకర్లోనో వింటూ ఉంటారు. మగవాళ్ల గొంతులో అన్నిటికన్నా కింది స్వరం సుమారు 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు వంద కంపనాల దగ్గర ఉంటుంది. అరచేతిలో పట్టే స్పీకరు దాన్ని సరిగా పలికించలేదు. అయినా మగ గొంతు మగ గొంతులాగే వినిపిస్తుంది. ఎందుకంటే ఆ స్వరాన్ని అంటిపెట్టుకుని 200, 300, 400 హెర్ట్జ్ దగ్గర పై స్వరాలు ఉంటాయి. వాటిని పట్టుకుని మన మెదడు అడుగున లేని స్వరాన్ని తానే పూరించుకుంటుంది.

ఎలక్ట్రానిక్ సంగీతంలో అట్టడుగు బేస్ దగ్గర ఈ ఉపాయం పారదు. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్, అంటే డ్రమ్ము మోతల్ని తానే పుట్టించే యంత్రం, తెచ్చింది. అందులోని కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, సుమారు 50 హెర్ట్జ్ దగ్గర సాగే నున్నటి మోత. దానికి పై స్వరాలు బహు తక్కువ. మీ హెడ్‌ఫోన్ ఆ 50ని పలికించకపోతే మెదడుకు పట్టుకోడానికి ఆధారమే దొరకదు, పాటలో ఆ ముక్క లేనట్టే. మధ్యలో ఒక మాట: ఈ యంత్రాలు మనకేమీ పరాయివి కావు. 1982లోనే బొంబాయి సినిమా వాద్యకారుడొకాయన ఇదే 808 దరువుకు సింథసైజర్ అనే కరెంటు వాద్యం మీద మన రాగాలు వాయించి రికార్డు చేశాడు. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు, పాతికేళ్లు దాటాక ప్రపంచమంతా వెతికి మరీ విన్నది.

చౌక హెడ్‌ఫోన్లు చేసే పని ఏమిటంటే, 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య మోతను ఎత్తేస్తాయి. దబదబ అదే. 40 కిందకి వెళ్తే అక్కడ సరుకేమీ ఉండదు.

కొందరు పెద్దమనుషులు "ఏదీ ఎక్కువ కాకుండా, ఏదీ తక్కువ కాకుండా పలికేదే మంచి హెడ్‌ఫోన్" అంటారు. నేను ఒప్పుకోను. సన్నాయి ఎట్లా పలకాలో మనకు తెలుసు, పెళ్లిపందిట్లో ఎదురుగా కూర్చుని విన్నాం. సింథసైజర్ స్వరానికి అలాంటి అసలు ఎక్కడా లేదు. చాలా మటుకు క్లబ్బులో పెద్ద పెద్ద బాక్సుల మీద మోగాలనే అది తయారవుతుంది. మన తిరణాళ్లలో డీజే బాక్సుల ముందు నిలబడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ బేస్ చెవికన్నా రొమ్ముకే ఎక్కువ తగులుతుంది. ఎంత ఖరీదైన హెడ్‌ఫోనూ ఆ తాకిడి ఇవ్వలేదు. అందుకే అడుగున కొంచెం మొగ్గు ఉంటే తప్పు లేదు. హర్మన్ కంపెనీ పరిశోధకులు రకరకాల జనాన్ని కూర్చోబెట్టి వినిపించినప్పుడు కూడా ఎక్కువమంది అటే మొగ్గారు. మొగ్గు వేరు, ముంపు వేరు.

ఆ ముంపును అంగట్లోనే కనిపెట్టొచ్చు. కిక్కూ, బేస్ లైనూ (అడుగున సాగే స్వరాల వరుస) కలిసి నడిచే పాట పెట్టండి. కిక్ పడి ఆగాలి, ఆ సందులోంచి బేస్ లైన్ విడిగా వినపడాలి. రెండూ కలిసి ఒకటే రొదగా ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. తర్వాత హై-హ్యాట్ వినండి, ఆ "చ్చ్ చ్చ్" మోత. అయిదు నిమిషాలకే చెవిలో గుచ్చుతుంటే ఇంటికెళ్లాక గంటసేపు వినలేరు. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు సౌండు సమానంగా పెట్టించండి. కాస్త గట్టిగా మోగిందే బాగున్నట్టు అనిపించడం మన చెవి బలహీనత.

ఇంకొక పరీక్షకు పైసా ఖర్చు లేదు. పాట నడుస్తుండగా రెండు అరచేతులతో కప్పుల్ని తలకేసి మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే, మామూలుగా పెట్టుకున్నప్పుడు గాలి బయటికి పోతున్నట్టు. కళ్లజోడు కాడల పక్కన, జడ బిగుతుగా వేసుకున్నవాళ్లకు చెవి వెనక, ఆ సందు వస్తుంది. అప్పుడు తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు, మీ తలకు అది అమరలేదంతే.

వెనక జాలీ ఉండే ఓపెన్ రకమా, మూసి ఉండే క్లోజ్డ్ రకమా అంటే, మన ఊరి వాతావరణం చూసుకోవాలి. ఓపెన్ రకంలో పాట తల చుట్టూ పరుచుకున్నట్టు ఉంటుంది, ఆంబియెంట్ వినేవాళ్లకు అది పెద్ద సుఖం. మే నెల నెల్లూరు ఎండలో చెవులు ఉడికిపోకుండానూ ఉంటాయి. కానీ మీ పాట పక్కన పడుకున్నవాళ్లకూ వినపడుతుంది, వీధిలో లారీ హారన్ మీకూ వినపడుతుంది. క్లోజ్డ్ రకంలో ఆ గొడవ లేదు గానీ చెమట పడుతుంది. రెక్సిన్ లాంటి మెత్తలు మన ఉక్కకు పొట్టు రేగి రాలిపోతాయి. అందుకని మెత్తలు విడిగా దొరికే మోడలే కొనండి. వెల్వెట్ మెత్తలు వేస్తే చెమట తగ్గుతుంది, బేస్ కూడా కొంచెం తగ్గుతుంది.

ఇక ప్లానార్ మాగ్నెటిక్ అని ఒక రకం ఉంది. మామూలు హెడ్‌ఫోన్‌లో కాయిల్, అంటే తీగచుట్ట, ఒక చిన్న డయాఫ్రమ్‌ను, అంటే మోత పుట్టించే పొరను, నెడుతుంది. ప్లానార్‌లో పలచటి పొరంతా అయస్కాంతాల మధ్య ఒకేసారి కదులుతుంది. మంచి ప్లానార్ 20, 30 హెర్ట్జ్ దాకా వాలిపోకుండా దిగుతుంది. ఎలక్ట్రానిక్ సంగీతానికి డబ్బు ఎక్కడ పెట్టాలి అని నన్నడిగితే ఇక్కడే అంటాను. బరువు మాత్రం చూసుకోండి. కొన్ని అరకిలో పైనే ఉంటాయి, మెడ ఊరుకోదు.

ఓములంటే కరెంటుకు హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు, ఆ లెక్క మన సౌండ్ సర్వీసు వాళ్లకు తెలిసిందే. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి 300 ఓములు. ఫోనుకు తగిలిస్తే పాట నీరసంగా వస్తుంది, సౌండును పెంచే ఆంప్ విడిగా కావాలి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అయితే 32, 80, 250 ఓముల్లో మూడు రకాలుగా వచ్చింది. ఫోనుకని చెప్పకుండా కొంటే 250ది అంటగట్టొచ్చు. చాలా ప్లానార్లకు ఓములు తక్కువే ఉన్నా కరెంటు ఎక్కువ కావాలి, కాబట్టి ఓముల అంకె ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు.

పినాకినిలో మద్రాసుకు వెళ్తూ వినేవాళ్ల సంగతి వేరు. రైలు రొదలో ఎక్కువ భాగం కింది స్వరాలే. మీ బేస్‌ను మింగేది అదే. వాళ్లకు ఇంట్లో వినే ఖరీదైన ఓపెన్ హెడ్‌ఫోన్ కన్నా బయటి రొదను అణిచే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న బ్లూటూత్‌దే మేలు. సీడీలో సెకనుకు 1411 కిలోబిట్ల పాట సమాచారం ఉంటే, బ్లూటూత్‌లో పాటను పంపే ఎల్‌డాక్ అనే పద్ధతి మహా అయితే 990 పంపుతుంది, ఐఫోన్‌లో అదీ లేదు. రైల్లో ఆ తేడా ఎవరికీ తెలియదు లెండి.

చివరిగా సౌండు. తక్కువ సౌండులో మన చెవికి బేస్ సరిగా ఆనదు, 1933 నాటికే శాస్త్రవేత్తలు కొలిచి చెప్పిన విషయం ఇది. బేస్ కోసమని సౌండు పెంచేది అందుకే. అడుగుదాకా దిగే హెడ్‌ఫోన్ ఉంటే అంత పెంచాల్సిన పని ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చెవికి ముప్పు లేని హద్దు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి, అంటే 83 దగ్గర 20 గంటలే. కొన్ని ఫోన్లు ఈ లెక్క సెట్టింగుల్లో చూపిస్తాయి. హెడ్‌ఫోన్ తీసేశాక చెవిలో గుయ్యిమంటుంటే సౌండు ఎక్కువైనట్టు. తెల్లారినా అది తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించుకోండి.

నమస్కారం.