బడికెళ్లని బిడ్డకు బడ్జెట్‌లో చోటెంత?

(తిరుపతి స్టూడియో చర్చ నుంచి కొంత భాగం)

వ్యాఖ్యాత: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ‘తల్లికి వందనం’ పథకం కింద 2025 జూన్‌లో ఒక్కో విద్యార్థికి 15 వేలు కేటాయించారు. 13 వేలు తల్లి ఖాతాకు, 2 వేలు బడి నిర్వహణకు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా వర్తించింది. మరి అంతకన్నా చిన్న బిడ్డలున్న ఇళ్ల సంగతేంటి? అమ్మా, మీరు చెప్పండి.

తల్లి: నాకిద్దరు సార్. పెద్దోడు మూడో తరగతి, పాపకు ఏడాదిన్నర. వాడి డబ్బులు పడ్డాయి, కాదనను. బాడుగ బాకీ తీర్చుకున్నాం. కానీ నేను లాడ్జిలో రూములు శుభ్రం చేస్తా. పొద్దున ఏడుకల్లా ఉండాలి. మా అత్తకు మోకాళ్లు పట్టేసి లేవలేదు. పాపను ఎవరి చేతికిచ్చి పోవాల? సెలవుల రద్దీలో ఒకరోజు మానితే ఇంక రావద్దంటారు. రోజూ అదే టెన్షన్.

వ్యాఖ్యాత: అంగన్‌వాడీ ఉంది కదా?

అంగన్‌వాడీ కార్యకర్త: మూడేళ్లు నిండినోళ్లే మా దగ్గర కూర్చుంటారు సార్. అంతకన్నా చిన్నోళ్లకు బాలామృతం, గుడ్లు, పాలు ఇంటికిస్తాం. తొమ్మిదికి తెరుస్తాం, నాలుగుకు మూస్తాం. ఈ అక్కకు మేం ఏ రకంగా అక్కరకొస్తాం? ఏడాది బిడ్డను తీసుకోవాలంటే పాలు పట్టడానికి, బట్టలు మార్చడానికి ఇంకో మనిషి కావాల. సెంటర్లో ఉండేది నేనూ, ఆయమ్మా. ఆమె వంట దగ్గర ఉంటే నేను పిల్లల్ని తూకం వేసి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు నింపి, ఇళ్లు తిరగాల. 2019లో 11,500 చేసిన గౌరవ వేతనం పెంచమని 2023 డిసెంబరులో రోడ్డెక్కి, 42 రోజులు సమ్మె చేశాం. మా వేతనమే తేలకుండా అదనపు పని ఎట్లా నెత్తినేసుకోను?

ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు: ఆ ఇంకో మనిషి కోసమే కేంద్రం తన మహిళా పథకం మిషన్ శక్తిలో ‘పాల్నా’ పేరుతో శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టింది. ఆరు నెలల బిడ్డ నుంచి ఆరేళ్ల దాకా, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40. ఆలోచన మంచిదే, గంటలు చాలవు. చిత్తూరు వైపు తోతాపురి మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రిళ్లూ నడుస్తాయి. అక్కడి తల్లులకు పగటి కేంద్రం ఏం పనికొస్తుంది?

విశ్రాంత ట్రెజరీ అధికారి: అమ్మా, నేనూ కావాలనే అంటాను. కానీ భవనమైతే ఒకసారి కట్టి వదిలేయొచ్చు, జీతం ప్రతి నెలా ఇవ్వాలి. అందుకే ప్రభుత్వాలు జంకుతాయి.

అధ్యాపకురాలు: జంకితే ఆ ఖర్చు ఈమె కూలిలోంచి పోతుంది సార్, అదే తేడా. యాభై మంది, అంతకు పైన పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లోనే ప్రసూతి చట్టాన్ని సవరించారు. శ్రీసిటీ ఫ్యాక్టరీలను అడగడానికి ఆ నిబంధన ఉంది. పదిమంది పనిచేసే లాడ్జిని ఎవరడుగుతారు? అక్కడ బడ్జెట్టే దిక్కు. బిడ్డ మెదడు ఎక్కువగా ఎదిగేది ఆ మొదటి మూడేళ్లలోనే. సరిగ్గా ఆ వయసునే మనం వదిలేశాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కార్యకర్త: తిండి లెక్క కూడా చూడండి మేడం. 2017లో కేంద్రం బిడ్డకు రోజుకు 8 రూపాయలని కట్టింది. ఇప్పుడు గుడ్డు ధరెంత? 2025 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆ ప్రమాణాలు పెంచుతామన్నారు. పెరిగింది ప్లేటులో కనబడాల.

వ్యాఖ్యాత: సార్, తిరుపతిలో ఎక్కడ మొదలుపెట్టాలంటారు?

అధికారి: బస్టాండు, రైల్వేస్టేషన్ చుట్టుపక్కల. లాడ్జిలు, హోటళ్లు అక్కడే ఎక్కువ. కార్పొరేషన్ గది ఇవ్వాలి, మనుషుల జీతాలకు రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి. వేరే పద్దులో కలిపేస్తే మధ్యలో కోత పడుతుంది, అది నేను కళ్లారా చూశాను.

తల్లి: పొద్దున ఆరుకే తెరవాల సార్. నెలకు కొంచెం కట్టమన్నా కడతాను. పాపకు జ్వరమొస్తే ఫోన్ చేసే మనిషి ఉంటే చాలు, పనిలో ఉన్నా పరిగెత్తుకుంటూ వస్తా.