పక్కన నిలబడి వాయించినవాడు

ఆకాశవాణి కడప కేంద్రం శ్రోతలకు నమస్కారం.

ప్రొద్దుటూరు దసరాకైనా, పల్లెలో తిరునాళ్లకైనా ఆర్కెస్ట్రా పెడితే జనం కళ్లన్నీ పాడే అమ్మాయి మీదే. ఆ తర్వాత ప్యాడ్స్ వాయించే కుర్రాడి మీద. బేస్ గిటార్ పట్టుకుని ఓ మూల నిలబడ్డ మనిషిని చూసేదెవరు? ఇప్పుడైతే చాలాచోట్ల ఆ మనిషే లేడు, కీబోర్డ్ అన్న ఎడమ చేత్తో ఆ పని కానిచ్చేస్తున్నాడు. కానీ ఆ లావు శబ్దం ఆగిందంటే ముందు వరసలో గంతులేసేవాళ్లకు అడుగు దొరకదు.

ఈరోజు అలాంటి ఒకాయన సంగతి. పేరు జాన్ డీకన్. మన పంచగనిలో స్కూలు చదువు చదివిన పార్సీ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఉన్న ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ క్వీన్‌లో బేస్ గిటారిస్టు.

డీకన్ 1951లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పుట్టాడు. లండన్‌లో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చదివాడు. అప్పటికే కొందరు బేస్ వాయించేవాళ్లు వచ్చిపోయిన ఆ బ్యాండ్‌లో 1971లో చేరాడు. నలుగురిలో చిన్నవాడు, నోట్లో మాట లేనివాడు. 1973లో వచ్చిన మొదటి ఆల్బమ్ మీద ఆయన పేరును తిప్పి 'డీకన్ జాన్' అని వేశారు. తర్వాత సరిచేయించుకున్నాడు లెండి.

చదివిన చదువు ఊరికే పోలేదు. లండన్‌లో ఓసారి చెత్తలో ఎవరో పడేసిన సర్క్యూట్ బోర్డు కనబడితే ఇంటికి తెచ్చుకున్నాడు. పాత స్పీకర్ డబ్బాలో దాన్ని బిగించి, 9 వోల్టుల బ్యాటరీ తగిలించాడు. వాల్యూమ్ తిప్పడానికి బిరడా కూడా లేదు దానికి. మన మైక్ సెట్ షాపుల్లో సోల్డరింగ్ చేసే పిల్లలు చూస్తే 'ఇదేం ఆంప్లిఫయర్ అన్నా' అంటారేమో. కానీ గిటారిస్టు బ్రయన్ మే ఆ డబ్బా గుండా వాయించి, 1975 ఆల్బమ్‌లో క్లారినెట్, ట్రంపెట్ వంటి శబ్దాలు పలికించాడు. వినేవాళ్లు నిజంగా బాకాలవాళ్లను పిలిపించారనుకోవాల్సిందే!

పాటలూ కట్టాడు. 1980లో 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అది డీకన్ పాట. బల్ల మీద వేళ్లతో కొట్టి చూడండి: ఒకే స్వరం మూడుసార్లు, కాస్త ఖాళీ, మళ్లీ మూడుసార్లు, అక్కణ్నుంచి పైకి. పాట నడకంతా అదే. నా లెక్కలో ఆ ఖాళీలోనే ఉంది ఆయన గొప్పతనం. మనవాళ్లలో చాలామంది చిన్న సందు కనబడితే చాలు, అక్కడో ముక్క వాయించేస్తారు.

1985 జూలై 13న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, ఇథియోపియా కరువు బాధితులకు సాయంగా లైవ్ ఎయిడ్ కచేరి జరిగింది. క్వీన్ పేరు చెబితే ఇప్పటికీ ముందు దాన్నే తలుచుకుంటారు. అక్కడా ఫ్రెడ్డీ వేదికంతా కలియదిరిగితే, ఈయన తన పని తాను చేసుకుపోయాడు.

1991 నవంబర్ 24న ఫ్రెడ్డీ పోయాడు. ఎయిడ్స్. ఆ తర్వాత డీకన్‌కు వేదిక మీద మనసు నిలవలేదు. రెండు మూడు కచేరీల్లో కనిపించి, 1997లో ఆపేశాడు. అప్పటికి యాభై ఏళ్లు కూడా లేవు. మిగతా ఇద్దరూ వేరే గాయకులతో క్వీన్ పేరును నడిపిస్తున్నారు. ఈయన మళ్లీ రాలేదు. అమెరికాలో పేరున్న రాక్ సంగీతకారులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2001లో బ్యాండ్‌ను చేర్చుకున్నప్పుడూ వెళ్లలేదు. గొంతు పోయినా మైకు వదలనివాళ్లను మనం చూస్తూనే ఉన్నాం కదా, అందుకే ఈయన మీద నాకింత గౌరవం.

అలాగని అంతా వదిలేశాడనుకోకండి. బ్యాండ్ డబ్బు లెక్కల్లో మాత్రం డీకన్ మాట ఇప్పటికీ చెల్లుతుందని ఆ ఇద్దరే చెబుతుంటారు.