పంజర్ ఫోర్ మీద మూడు రంగుల కామోఫ్లాజ్: షేడ్ ఎలా కుదురుతుందో చూద్దాం

అందరికీ నమస్కారమండి. ఈ బల్ల మీదున్నది పంజర్ ఫోర్, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ట్యాంకు, దాని ప్లాస్టిక్ మోడల్. హెచ్ రకం, 1/35 స్కేలు, అంటే అసలు దాంట్లో ముప్పై అయిదో వంతు సైజు. అతికించడం అయిపోయింది, ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే అడుగు కోటు, అది కూడా కొట్టేశాను. గ్రే ప్రైమర్, పల్చగా రెండు కోట్లు, ఒక రాత్రంతా ఆరనివ్వండి, అంతే. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇవాళ మన పనంతా రంగులతోనే.

ముందు ఏ రంగులో చూద్దాం. 1943 ఫిబ్రవరిలో జర్మన్ సైన్యం బండ్లకి బేస్ రంగు మార్చింది. అప్పటిదాకా ముదురు గ్రే ఉండేది, అక్కడి నుంచి ముదురు పసుపు. దుంకెల్‌గెల్బ్ అంటారు. దాని మీద వేసుకోడానికి ఆలివ్ గ్రీన్, ఎర్ర బ్రౌన్, ఈ రెండూ పేస్టుగా డబ్బాల్లో యూనిట్లకి పంపేవాళ్లు. నీళ్లు కలిపినవాళ్లు నీళ్లు కలిపారు, పెట్రోలు కలిపినవాళ్లు పెట్రోలు కలిపారు. స్ప్రే గన్ ఉంటే దాంతో కొట్టారు, లేకపోతే బ్రష్షుతోనే. పల్చగా కలిపిన బండి ఒకలా వచ్చింది, చిక్కగా కలిపింది ఇంకోలా వచ్చింది. అందుకే ఒక్క సీసా చూపించి కరెక్ట్ షేడ్ ఇదే అంటే నేను ఒప్పుకోనండి. మూడు రంగులూ పక్కపక్కన ఎలా కలిశాయి, ఈ సైజులో ఎలా కనబడుతున్నాయి, నేను చూసేది అదే.

సైజు దగ్గరే ఒక లెక్క ఉంది, చూడండి. మోడల్‌ని మనం ఓ 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం. 35తో గుణించండి. 10.5 మీటర్లు. అంటే అసలు ట్యాంకుకి పది మీటర్ల అవతల నిలబడి చూస్తున్నట్టు. దూరమయ్యే కొద్దీ రంగు పాలిపోతుంది కదా. పైగా మన గదిలో వెలుగు ఎండంత ఉండదు. అసలు ట్యాంకు రంగే తెచ్చి దీనికి కొడితే ముదురుగా, బరువుగా కనబడుతుంది. అందుకే లేత చెయ్యాలి. 1/72 అయితే ఇంకా లేతగా.

సరే, కలుపుదాం. టామియా కంపెనీ రంగు, ఎక్స్‌ఎఫ్-60, ఇది డార్క్ యెల్లో, అంటే మన దుంకెల్‌గెల్బ్. దీనికి తెలుపు ఎక్స్‌ఎఫ్-2, పది చుక్కలకి రెండు చుక్కలు. ఇదిగో. ఇప్పుడు గ్రీన్, ఎక్స్‌ఎఫ్-61. బ్రౌన్, ఎక్స్‌ఎఫ్-64. ఈ రెండిట్లో మాత్రం తెలుపు వద్దు. బ్రౌన్‌లో తెలుపు పడితే గులాబీ రంగుకి తిరుగుతుంది, గ్రీన్ సున్నం కొట్టినట్టవుతుంది. తెలుపు బదులు ఇందాక కలిపిన పసుపునే ఈ రెండిట్లో కొంచెం కొంచెం వేస్తాను. చూశారా? లేతా అయ్యాయి, మూడూ ఒకే కుటుంబంలోవిలా కూడా ఉన్నాయి.

ఆగండి, ఇప్పుడే బండి మీద కొట్టొద్దు. అందరూ ఇరుక్కునేది ఇక్కడే. నిదానంగా చెబుతాను.

ప్లాస్టిక్ స్పూన్లు తీసుకోండి. వాటికీ అదే ప్రైమర్ కొట్టి, మూడు రంగులూ పక్కపక్కన కొట్టండి. ఆరనివ్వండి. పూర్తిగా ఆరాలి, తడిలో రంగు నమ్మకూడదు. ఆరాక సగం స్పూనుకి మ్యాట్ క్లియర్, అంటే మెరుపు తీసేసే రంగులేని కోటు, కొట్టండి. ఇదిగో, గీత కనబడుతోందా? మ్యాట్ పడిన వైపు పాలిపోయింది. ఇప్పుడు అందులో కొంత భాగానికి వాష్, అంటే సందుల్లోకి దిగే బాగా పల్చటి ముదురు రంగు, రాయండి. అది మళ్లీ ముదురైంది. అంటే సీసాలో చూసిన రంగు చివరికి ఉండే రంగు కాదండి. మ్యాట్, వాష్ రెండూ పడ్డాక ఉండే రంగు చూసి నిర్ణయించుకోవాలి.

ఇంకోటి, వెలుగు. రాత్రి పసుపు బల్బు కింద ఈ డార్క్ యెల్లో చూస్తే మరీ పసుపుగా ఉందనిపిస్తుంది. దాన్ని తగ్గించాలని గ్రీనో గ్రేనో వేస్తాం. పొద్దున్నే బాల్కనీలోకి తెస్తే బురద గ్రీన్‌లా ఉంటుంది. అందుకే స్పూను పట్టుకుని పగలు కిటికీ దగ్గరికి రండి. నేరుగా ఎండలోకి వద్దు, నీడపట్టున చూడండి. తర్వాత మోడల్ పెట్టబోయే అల్మరా లైటు కింద కూడా ఒకసారి చూడండి. రెండు చోట్లా నచ్చితేనే బండి ముట్టుకోండి. రెండు చోట్లా, మర్చిపోకండి.

ఇక కొట్టడం. ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్, 0.3 మిల్లీమీటర్ల నాజిల్. బేస్‌కి థిన్నర్ సగానికి సగం, కప్పు అంచున పాలలా జారాలి. గాలి ప్రెషర్ 15 పీఎస్ఐ. టామియా అక్రిలిక్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా పనిచేస్తుంది, మన సూర్యారావుపేటలో సర్జికల్ షాపుల్లో అడగండి. కిటికీ తీసి ఉంచండి, మాస్క్ పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. బెజవాడ మే నెల ఎండల్లో రంగు సూది మొన మీదే ఆరిపోతుంది, రిటార్డర్, అంటే రంగు ఆరడాన్ని నిదానం చేసే మందు, ఒక చుక్క వేస్తే ఆ బాధ ఉండదు. నేనైతే ఆ నెలలో తెల్లవారుజామునే కొడతాను.

బేస్ అయిపోయింది. ట్యాంకు పక్కన రక్షణకి వేలాడే రేకులు, ష్యుర్ట్‌సెన్ అంటారు, వాటిని బ్లూ ట్యాక్‌తో, అంటే మళ్లీ ఊడొచ్చే జిగురు ముద్దతో, తాత్కాలికంగా నిలబెట్టాను. కామోఫ్లాజ్ రంగు పట్టీ హల్, అంటే ట్యాంకు కింది బాడీ, మీద నుంచి రేకు మీదికి తెగకుండా సాగాలి కదా, అందుకు.

ఇప్పుడు గ్రీన్. థిన్నర్ ఇంకా ఎక్కువ, ఒకటికి రెండు. ప్రెషర్ 10కి దించాను. దగ్గర నుంచి, సన్నగా, ముందు అంచు గీసి తర్వాత లోపల నింపండి. అంచు ఎంత మెత్తగా ఉండాలి? అసలు బండి మీద ఓ పది సెంటీమీటర్ల మసక అంచు ఉందనుకోండి, ఇక్కడ అది 3 మిల్లీమీటర్లు. అంతకు మించితే బొమ్మలా ఉంటుంది. ఆటోనగర్‌లో లారీ బాడీలకి గన్‌తో కొట్టేవాళ్ల చెయ్యి ఒకసారి గమనించండి. గన్ దగ్గరికొస్తే అంచు బిగుస్తుంది, దూరం పోతే మసకేస్తుంది. నేను వాళ్లని చూసే నేర్చుకున్నాను, ఏ వీడియో అంత బాగా చూపించదు.

బ్రౌన్ కూడా అంతే. స్పీడ్ పెంచేస్తున్నాను ఇక్కడ.

చివర్లో బేస్ పసుపుని బాగా పల్చగా, తొమ్మిది వంతులు థిన్నర్ కలిపి, దూరం నుంచి బండంతా ఒక్కసారి మంచులా పట్టించండి. ఎక్కువ వద్దు. మూడు రంగులూ సర్దుకుంటాయి, అంచుల దగ్గర తుంపరలు కూడా మునిగిపోతాయి. తర్వాత మెరిసే గ్లాస్ క్లియర్, డెకాల్స్ అంటే గుర్తుల స్టిక్కర్లు, వాష్, మ్యాట్, ఆ వరసలో.

మ్యాట్ ఆరింది. ఆ టెస్ట్ స్పూను పక్కన పెట్టి, కిటికీ దగ్గర చూపిస్తున్నాను. సరిపోయింది. ఆ స్పూను వెనక మిక్స్ రాసి డబ్బాలో దాచుకోండి, తర్వాతి బండికి అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ట్రాక్‌ల రంగు వేరే వీడియోలో చేద్దాం.